మైక్ వెనక పెట్టె సరే, మీ వీపు వెనక ఏముంది?

ప్రశ్న: మాది విజయవాడ. రెండో అంతస్తులో అద్దె పోర్షన్. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. సాయంత్రాలు కథల ఛానెళ్లకు, చిన్న ప్రకటనలకు వాయిస్ ఓవర్ చెబుతుంటాను. ఈమధ్య ఒక ఆడియో పుస్తకాల సంస్థకు శాంపిల్ పంపితే, "గొంతు బాగుంది, కానీ రూమ్ వినిపిస్తోంది, వెనక నాయిస్ కూడా ఉంది" అని తిప్పి పంపారు. నా దగ్గరున్నది యూఎస్‌బీ కండెన్సర్ మైక్. పది బై పదకొండు గది, టైల్స్ నేల, ఒక గోడకు బీరువా, రోడ్డు వైపు కిటికీ. మైక్ లోపల పట్టేలా ఫోమ్ అంటించిన పెట్టె చేయించుకుందామని ఉంది. మా మరిది ప్లైవుడ్‌తో చేసిపెడతానంటున్నాడు. మావారేమో కోడిగుడ్ల ట్రేలు అంటిస్తే చాలంటున్నారు. పెట్టె ఎంత కొలతలో ఉండాలి? ఏ ఫోమ్ కొనాలి? దీంతో రోడ్డు మోత కూడా ఆగుతుందా? మూడు వేలకు మించి పెట్టలేను.

జవాబు: మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. డబ్బు దండగయ్యేది అక్కడే. ఆగదు. ఫోమ్ పెట్టె ఎంత బాగా చేయించినా రోడ్డు మీద ఆటో హారన్ ఆగదు.

మీకు వచ్చింది ఒక ఫిర్యాదు కాదు, రెండు. "రూమ్ వినిపిస్తోంది" అంటే మీ గొంతే గోడలకు తగిలి, కాస్త ఆలస్యంగా తిరిగొచ్చి మైక్‌లో పడుతోందని. దీనికి ఫోమ్, బొంత, పరుపు లాంటి మెత్తటివి పనిచేస్తాయి. "నాయిస్ ఉంది" అంటే బయటి రొదో, ఫ్యానో, పక్కగది ఫ్రిజ్జో. బయటి రొదను ఆపేది బరువు. అంటే ఇటుక గోడ, మందపాటి అద్దం, సందు లేకుండా బిగుసుకునే తలుపు. మెత్తటి ఫోమ్‌లోంచి గాలి పోతుంది, గాలితోపాటు హారనూ పోతుంది. మొదటి ఫిర్యాదుకు కొన్న వస్తువు రెండోదానికి పనికిరాదు. ఈ తేడా చెప్పకుండానే "సౌండ్‌ప్రూఫ్ ఫోమ్" అని అమ్మేస్తుంటారు.

ముందు మీ గదిని వినండి. ఫ్యాన్ ఆపి, గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు అయిపోయాక కూడా "ట్ర్‌ర్" అని సన్నటి మోత మిగిలితే, అది ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ పరుగెత్తడం. మన ఇళ్లలో ఇది రాకపోతేనే ఆశ్చర్యం. కింద టైల్స్, పైన స్లాబు, చుట్టూ సిమెంటు పూత, ఎక్కడా తివాచీ లేదు. తర్వాత బీరువా తలుపు మీద వేలితో కొట్టి చూడండి. రేకు గంటలా మోగుతుంది. మీరు గొంతు పెంచిన ప్రతిసారీ అది చిన్నగా వంత పాడుతూనే ఉంటుంది. "బట్టల అల్మరాలో కూర్చుని రికార్డు చేయండి" అనే సలహా మీరు వినే ఉంటారు. అది మనిషి లోపలికి నడిచి వెళ్లే చెక్క అల్మరాలున్న దేశాల సలహా. మన స్టీలు బీరువాకు అది వర్తించదు.

మీరు చేయించాలనుకుంటున్న పెట్టె ఆలోచన కూడా అలాంటిదే. అమెరికాలో హార్లన్ హోగన్ అనే వాయిస్ ఓవర్ కళాకారుడు "పోర్టా-బూత్" పేరుతో మడతపెట్టుకునే ఫోమ్ పెట్టెను అమ్మకానికి తెచ్చాడు. ఊళ్లు తిరిగేవాళ్లు హోటల్ గదిలో మైక్‌ని అందులో పెట్టుకుని పని కానిచ్చేస్తారు. కానీ హోటల్ గదిలో అప్పటికే కార్పెట్ ఉంటుంది, బరువైన కర్టెన్లు ఉంటాయి, గది సగం నిండా మందపాటి పరుపు ఉంటుంది. సగం పని గదే చేసి పెడుతుంది. మీ గది చేయదు.

ఎందుకు చాలదో లెక్క వేసుకుందాం. పదడుగుల ఎత్తు అనుకుంటే, గోడలు, నేల, స్లాబు కలిపి మీ గదిలో 640 చదరపు అడుగుల గట్టి తలం ఉంది. పెట్టెలో పట్టే ఫోమ్ మహా అయితే 16 చదరపు అడుగులు. అంటే రెండున్నర శాతం. మంచం మీది ఆరు బై అయిదు పరుపు ఒక్క ముఖమే 30 చదరపు అడుగులు.

ఇలా మెత్తటి సరుకు ఎంత ఉందో కొలిచి, గది మోతను లెక్కకట్టే పద్ధతికి నూట పాతికేళ్లు దాటాయి. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాలు కొత్తగా కట్టారు. అందులో పాఠం చెబితే ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఒక మాట అంటే అయిదు సెకన్లకు పైగా మోగుతూనే ఉండేది. దాన్ని బాగుచేయమని వాలెస్ సబైన్ అనే కుర్ర ప్రొఫెసరుకు అప్పజెప్పారు. ఆయన శాండర్స్ థియేటర్ సీట్ల కుషన్లు మోయించుకొచ్చి, ఊరు సద్దుమణిగిన రాత్రివేళల్లో, ఆర్గన్ పైపు ఊది స్టాప్‌వాచీతో కొలిచాడు. కుషన్లు పెరిగేకొద్దీ మోత తగ్గుతూ వచ్చింది. ఎంత మెత్తదనానికి ఎంత తగ్గుతుందో సూత్రం దొరికింది. శబ్దాన్ని పీల్చుకునే శక్తికి కొలమానం పేరు ఇప్పటికీ ఆయన పేరు మీదే, సేబిన్. ఆయన మొదలుపెట్టింది కుషన్లతో. మీరు ఇంట్లో ఉన్న పరుపుతో మొదలుపెట్టండి.

ఇంకో సంగతి, ఇది అసలైనది. మీ మైక్ చాలావరకు కార్డియాయిడ్ రకమే అయివుంటుంది. మైక్ మీద గుండె ఆకారం గుర్తు ఉంటుంది, చూడండి. అంటే దానికి ముందు వైపు బాగా వినిపిస్తుంది, వెనక వైపు దాదాపు చెవుడు. మనం ఫోమ్ పెట్టె కట్టేది ఎక్కడ? ఆ చెవిటి వైపు. మీ నోటి నుంచి ముందుకు పోయే గొంతును పెట్టె కొంత పీల్చుకుంటుంది, కాదనను. కానీ పక్కలకు, పైకి, మీ తల చుట్టూ పోయిన గొంతు మీ వెనక గోడకు తగిలి, మీ భుజాల మీదుగా నేరుగా మైక్ చెవిలోకి వస్తుంది. పెట్టెకు ఉన్న తెరిచిన నోరు చూసేది సరిగ్గా ఆ గోడనే. అందుకే మొదటి మెత్తటి వస్తువు మైక్ వెనక కాదు, మీ వీపు వెనక ఉండాలి.

కాబట్టి ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందు ఇది చేయండి. కిటికీకి ఎదురుగా కూర్చోండి. అవును, కిటికీ వైపు ముఖం పెట్టి. చాలామంది రోడ్డుకు వీపు పెట్టి కూర్చుంటారు. అప్పుడు మైక్ మంచి చెవి రోడ్డు వైపు తిరుగుతుంది. మీరు కిటికీని చూస్తూ కూర్చుంటే మైక్ చెవిటి వైపు రోడ్డుకు ఉంటుంది. కిటికీ పక్కనే వద్దు, గదిలోకి మూడు నాలుగు అడుగులు జరగండి. మంచం మీది పరుపు ఎత్తి మీ వెనక, వీపుకు రెండడుగుల దూరంలో నిలబెట్టండి. వెనక కుర్చీలు ఆన్చి, పడిపోకుండా చూసుకోండి. బూరుగు దూది పరుపయినా, మామూలు దూది పరుపయినా పర్వాలేదు. నాలుగంగుళాల దూదికి రెండంగుళాల ఫోమ్ సాటి రాదు. మీకు రెండు పక్కలా, బట్టలారేసే స్టాండ్ల మీదో ప్లాస్టిక్ తాడు మీదో బొంతలు వేలాడదీయండి. అమ్మమ్మలు పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బరువైన బొంత ఉంటే అదే బంగారం. రజాయి అయినా సరే. పలచటి దుప్పటి ఒక్క పొర వేస్తే లాభం లేదు, మూడు నాలుగు మడతలు పెట్టాలి. టేబుల్ మీద ఒక తువ్వాలు, కాళ్ల కింద ఒక బొంత. బీరువా తలుపుల మీద కూడా ఒకటి కప్పండి, తలుపుల సందులో మడిచిన కాగితం దోపండి. అప్పుడు అదే శాంపిల్ పేరా మళ్లీ చదివి, ఇయర్‌ఫోన్‌లో పాతదీ కొత్తదీ పక్కపక్కన వినండి.

ఈ విన్నదాన్ని బట్టే పెట్టె అవసరమా కాదా తేలుతుంది. కొంతమందికి ఇక్కడే పని అయిపోతుంది. మీ పేరా చివర మాటల తోకలు ఇంకా గదిలో సాగుతున్నట్టు అనిపిస్తే పెట్టెకు వెళ్దాం.

మీ మరిదికి చెప్పండి, ప్లైవుడ్ వద్దు. చెక్కకు చెక్క ఎదురుగా ఉన్న చిన్న పెట్టె, గొంతులో ఒక్క స్వరాన్నే పట్టుకుని ఉబ్బిస్తుంది. గోడకూ గోడకూ మధ్య 30 సెంటీమీటర్లు ఉంటే అది 570 హెర్ట్జ్ (అంటే సెకనుకు 570 కంపనాలు) దగ్గర పడుతుంది, సరిగ్గా మన మాట మధ్యలో. పలచటి ఫోమ్ అంటించి మైక్‌ని బాగా లోపలికి తోసేసి చదివితే, డబ్బాలో తల పెట్టి మాట్లాడినట్టుంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. రెండంగుళాల ఫోమ్ వెయ్యి హెర్ట్జ్ పైనున్న శబ్దాలను బాగా పీల్చుకుంటుంది, 250 కింద ఇంచుమించు ఏమీ చేయదు. ఆడవాళ్ల గొంతు అడుగు స్వరం సుమారు 165 నుంచి 255 మధ్య ఉంటుంది. అంటే ఫోమ్ మీ గొంతులోని మెరుపును తినేసి, గుమ్మనే మోతను వదిలేస్తుంది. పై స్వరాలను, అడుగు స్వరాలను విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌తో దీన్ని సరిచేయడం పెద్ద తలనొప్పి.

అందుకని పెట్టె పెద్దదిగా, వెనక మందంగా, చెక్క గోడలు లేకుండా ఉండాలి. అంగుళం రీపర్లతో ఉత్త ఫ్రేమ్ కట్టమనండి. వెడల్పు 60 సెంటీమీటర్లు, ఎత్తు 60, లోతు 45. ముందు వైపు పూర్తిగా తెరిచే ఉండాలి. పక్కలకు, పైన, కింద రెండంగుళాల ఫోమ్ ఒక పొర, వెనక రెండు పొరలు. లోపల సుమారు 50 బై 50 మిగులుతుంది. ఆరడుగులు బై మూడడుగుల షీటు ఒక్కటి ఇంచుమించు సరిపోతుంది. వెనక ముక్కల్లో ఒకటి రెండు అతుకులు పడతాయి, నష్టం లేదు. చెక్క గోడ లేకపోతే లోపల తిరిగే గుమ్మనే మోత బయటికి పోయే దారి ఉంటుంది. చూడ్డానికి బాగోదని మరిది అంటే, బయట నూలు గుడ్డ చుట్టి పిన్నులు కొట్టమనండి. రెక్సిన్ మాత్రం వద్దు, దానిలోంచి గాలి పోదు.

ఫోమ్ ఆన్‌లైన్‌లో పిరమిడ్ల డిజైన్‌ది కొననవసరం లేదు. ఆ గుంటల వల్ల సగం సరుకు లేనట్టే, మందం తగ్గినట్టే. సోఫా రిపేర్ చేసేవాళ్ల దగ్గరకో పరుపుల షాపుకో వెళ్లండి. అక్కడ ఒక పరీక్ష పెట్టండి. ముక్కను నోటికి ఆనించి గట్టిగా ఊదండి. అవతల పెట్టిన అరచేతికి గాలి తగిలితే అది శబ్దాన్ని పీల్చే రకం, ఫోమ్ లోపలి చిన్నచిన్న అరలు ఒకదానికొకటి తెరుచుకుని ఉన్నట్టు లెక్క. ఊదినా గాలి పోకపోతే వెనక్కిచ్చేయండి. టీవీ అట్టపెట్టెల్లో వచ్చే తెల్లటి ప్యాకింగ్ ఫోమ్, థర్మోకోల్ ఈ పరీక్షలో ఫెయిలవుతాయి. అతికించడానికి సోఫా పనివాళ్లు వాడే ఫెవికాల్ ఎస్ఆర్ 998 చాలు. దాని ఘాటు పోయేదాకా పెట్టెను ఒకట్రెండు రోజులు వరండాలో ఉంచండి. ఆ వాసనలో గంటసేపు కూర్చుని చదివితే గొంతు పట్టేస్తుంది. రాతి పీచు, గాజు పీచుతో చేసే రాక్‌వూల్, గ్లాస్‌వూల్ శబ్దానికి ఫోమ్ కన్నా మంచివే, గోడలకు ఫ్రేముల్లో పెట్టి గుడ్డ కడితే బాగుంటాయి. కానీ వాటి నూగు దురద పెడుతుంది. రోజూ ముక్కు దగ్గర ఉండే పెట్టెలోకి నేను చెప్పను.

కోడిగుడ్ల ట్రేల గురించి మీవారితో గొడవ పడకండి, ఊదే పరీక్ష పెట్టమని చెప్పండి. అట్ట గుజ్జుతో చేసిన పలచటి పొర అది. పై శబ్దాలను కాస్త చెదరగొడుతుంది, పెద్దగా పీల్చుకోదు. అది తగ్గించేదాని కన్నా అది పిలిచే బొద్దింకలు ఎక్కువ. పైగా నిప్పు తగిలితే కాగితంలా అంటుకుంటుంది.

నిప్పు అన్నాను కాబట్టి, ఫోమ్ సంగతీ చెప్పాలి. మామూలు పరుపుల ఫోమ్ అంటుకుంటే క్షణాల్లో మండుతుంది, దాని పొగ విషం. 2003 ఫిబ్రవరిలో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఒక నైట్‌క్లబ్బులో, శబ్దం కోసం గోడలకు అంటించిన ఫోమ్‌కు బాణసంచా రవ్వలు తగిలి 100 మంది చనిపోయారు. మీ గదిలో బాణసంచా ఉండదు, కానీ దోమల చక్రం, అగరుబత్తి, ఇస్త్రీపెట్టె ఉంటాయి. బొంతలు వేలాడుతున్న గదిలోకి వాటిని రానివ్వకండి. పెట్టెలో వేడెక్కే బల్బు పెట్టకండి. చదవడానికి వెలుతురు కావాలంటే చిన్న ఎల్‌ఈడీ, అదీ పెట్టె బయట.

పెట్టె వచ్చాక మైక్‌ని లోపలికి తోయకండి. మైక్ తల పెట్టె అంచు నుంచి రెండంగుళాలు లోపలికి ఉంటే చాలు. మీ ముఖం పూర్తిగా బయటే. నోటికీ మైక్‌కీ ఒక జానెడు దూరం. ఈ దూరమే అన్ని ఫోమ్‌ల కన్నా బలమైన మందు. దూరం సగానికి తగ్గిస్తే మీ గొంతు 6 డెసిబెళ్లు (శబ్దం గట్టితనానికి కొలత) పెరుగుతుంది. గది మోత, రోడ్డు మోత ఉన్నచోటే ఉంటాయి. అప్పుడు మైక్ గెయిన్, అంటే మైక్ శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలనే సెట్టింగు, తగ్గించవచ్చు, మోతా దానితోపాటు తగ్గుతుంది. అలాగని మరీ మూతి ఆనించేస్తే గొంతు బరువెక్కిపోతుంది, "భయం", "ఫలితం", "పాపం" లాంటి మాటల దగ్గర గాలి దెబ్బ టప్పున తగులుతుంది.  ఎంబ్రాయిడరీ రింగుకు పాత నైలాన్ మేజోడు సాగదీసి బిగిస్తే, ఆ గాలి దెబ్బను ఆపే పాప్ ఫిల్టర్ అయిపోతుంది. మైక్‌కి సూటిగా కాకుండా నోరు కాస్త పక్కకు తిప్పి చదివినా సగం దెబ్బలు తప్పుతాయి. స్క్రిప్టు కాగితాలు పెట్టె లోపల పెట్టకండి, గరగరలాడతాయి. ఫోన్‌లో చదువుకోండి, ఏరోప్లేన్ మోడ్‌లో.

ఇక నాయిస్. కిటికీ మూశాననుకుంటారు, కానీ స్లైడింగ్ తలుపు పక్కన వేలు పట్టే సందు ఉంటుంది. కిటికీ వైశాల్యంలో ఒక్క శాతం తెరిచి ఉన్నా, మిగతా అద్దం ఎంత మందమైనా, 20 డెసిబెళ్లకు మించి ఆపలేదు. పది రూపాయల పనికి పెద్ద ఫలితం ఇక్కడే ఉంది. హార్డ్‌వేర్ షాపులో తలుపు సందులకు అంటించే ఫోమ్ టేపు తెచ్చి వేయండి, కింద గుడ్డ చుట్ట పెట్టండి. సీలింగ్ ఫ్యాన్ ఆపాల్సిందే, దీనికి మినహాయింపు లేదు. మీ ఊరి ఎండల్లో ఇది శిక్షే. ఒక్కో పేజీ చదివి, ఫ్యాన్ వేసుకుని, మళ్లీ ఆపి చదవండి. ల్యాప్‌టాప్‌ను టేబుల్ కిందికో, తీగ పట్టినంత దూరం మైక్ చెవిటి వైపుకో జరపండి. ఫ్రిజ్జు స్విచ్ ఆపితే, మళ్లీ వేయడం మర్చిపోకుండా మీ ఫోన్‌ని ఫ్రిజ్జులో పెట్టుకోవడం పాత చిట్కా. ఫోన్‌లోనే చదువుతున్నారు కాబట్టి ఇంటి తాళంచెవి పెట్టండి. వేళ మీరు చూసుకోవాలి. మీ వీధిలో గుడి మైకు, పాలబండి, స్కూలు బస్సు ఎప్పుడొస్తాయో మీకే తెలుసు. రాత్రి పది దాటాక చాలా వీధులు చల్లబడతాయి.

ఎంత నిశ్శబ్దం చాలు అనేదానికి ఒక కొలత ఉంది. ఆడియో పుస్తకాలు అమ్మే ఆడిబుల్ వాళ్లకు ఏసీఎక్స్ అనే వేదిక ఉంది. దాని ప్రమాణంలో, రికార్డింగులో పట్టే గరిష్ఠ శబ్దాన్ని సున్నా అనుకుంటే, మీరు మాట్లాడనప్పుడు మిగిలే నాయిస్ మైనస్ 60 డెసిబెళ్ల కన్నా తక్కువ ఉండాలి, మాట సగటు మైనస్ 23కీ మైనస్ 18కీ మధ్య ఉండాలి, పెద్ద శబ్దం కూడా మైనస్ 3 దాటకూడదు. వాళ్లతో మీకు పని లేకపోయినా గురి పెట్టుకోవడానికి పనికొస్తుంది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ అంకెలు చూసుకోవచ్చు. పది సెకన్లు మాట్లాడకుండా రికార్డు చేయండి, తర్వాత పేరా చదవండి. మాట స్థాయిని ఆ సగటుకు తెచ్చాకే మౌనంగా ఉన్న ముక్కను కొలవండి. లారీల గుర్రు లాంటిది అడుగు శబ్దం, దాన్ని ఏ బొంతా ఆపదు. 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా హై-పాస్ ఫిల్టర్‌తో కోసేయండి, మీ గొంతు అక్కడ లేదు కాబట్టి నష్టమేమీ ఉండదు. నాయిస్ రిడక్షన్ బటన్‌ను మాత్రం 6 డెసిబెళ్ల దగ్గర ఆపండి. ఎక్కువ నొక్కితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టవుతుంది. వినేవాళ్లకు చిన్న ఫ్యాన్ శబ్దం కన్నా అది ఎక్కువ చిరాకు. గది మోత ఆ బటన్‌కు లొంగదు.

మూడు వేల లెక్క ఇలా వేసుకోండి. ముందు కిటికీ టేపు, తర్వాత ఫోమ్ షీటు ఒకటి, తర్వాత రీపర్లు, గుడ్డ, జిగురు. ఫోమ్ షీటు ధర మందాన్ని, సాంద్రతను బట్టి షాపుకో రకంగా ఉంటుంది, రెండు మూడు చోట్ల అడగండి. మైక్ మార్చాలేమో అనే ఆలోచన ఇప్పుడు వద్దు. బొంతల మధ్య కూర్చుంటే ఈ మైక్ ఏం చేయగలదో మీరింకా వినలేదు. గది సిద్ధమయ్యాక, తిప్పి పంపిన ఆ పేరానే మళ్లీ చదివి, హై-పాస్ తప్ప వేరే ఏ శుభ్రమూ చేయకుండా ఆ సంస్థకే పంపండి. మొదట్లో పది సెకన్ల మౌనం కత్తిరించకుండా ఉంచండి. అక్కడ వినే ఇంజనీరు ముందు చూసేది దాన్నే.